పదో ఓటు

ఐలేశం తన ఓటు తాను వేసుకోలేదట.

ఈ మాట ముందుగా లీలమ్మ నోట వెలువడింది. లీలమ్మది ఐలేశం పక్కిల్లు. రెండిళ్లకూ నడుమ ఉన్నది నడుమెత్తు గోడ. ఆ గోడకు ఇవతల కూర్చుని ఆమె చిక్కుడుకాయ గిల్లుతుంటే అవతలి ఇంట్లో చెంచా కిందపడ్డా తెలిసిపోతుంది. పొద్దున నల్లా దగ్గర బిందె నిండేలోగా ఆ సంగతి హనుమమ్మకు చెప్పింది. హనుమమ్మ దాన్ని కిరాణా దుకాణం అరుగు మీద దించింది.

"లీలమ్మ సొంత చెవులతోని ఇన్నదట. గుర్వమ్మ అడిగిందట మొగణ్ని, 'నీదన్న నువ్వు ఏసుకున్నవా?' అని. ఉలుకు లేదు, పలుకు లేదట. అన్నం ముందట పెట్టుకొని గోడ దిక్కు జూస్కుంట కూసున్నడట."

"పో పోవే. నిలవడ్డోడు తనకు తను గుద్దుకోకుంట ఉంటడా?"

"లెక్క నువ్వే జూస్కో. మన బూతుల కర్ర గుర్తుకు తొమ్మిదొచ్చినయి. మనూరి హమాలీలు ఐలేశంతోని పది మంది. తొమ్మిది మంది మేమేసినం అంటె మేమేసినం అని దేవుని మీద ప్రమాణం జేస్తున్నరు. మరి పదోది ఏ బోరుగుంతల వడ్డది?"

"హమాలీల పెండ్లాలు ఎయ్యలేదా?"

"ఏడికెల్లి ఏస్తరు? మన ఆడోళ్ల పొదుపు సంఘపోళ్లందరం పెద్ద పార్టీ దిక్కే అనుకోలేదా మొన్న? నువ్వు గూడ ఉంటివి గదనే."

లెక్క అంత తేలిగ్గా ఉండటమే ఐలేశం ఖర్మ. ఏ నలభయ్యో యాభయ్యో వచ్చి ఉంటే ఏ ఓటు ఎవరిదో ఎవరూ తేల్చలేకపోయేవారు. తొమ్మిదంటే పేర్లు పెట్టి పిలవొచ్చు. మధ్యాహ్నానికి ఆ మాట మిల్లు గేటు దాకా నడిచింది. నడిచిన కొద్దీ బరువెక్కింది. ఐలేశం అమ్ముడుపోయాడన్నారు. కూతురి కాన్పు ఖర్చు పెద్ద పార్టీవాళ్లు పెట్టుకుంటున్నారన్నారు. అసలు మూడుసార్లు నిలబడ్డదే అందుకన్నారు.

ఐలేశానికి యాభై మూడేళ్లు. పుట్టింది కురుమ ఇంట్లో. తండ్రి పోయేనాటికి మందలో అరవై గొర్రెలుండేవి. కరువుకు సగం పోయాయి, నీలినాలుక రోగానికి ఆరు తప్ప అన్నీ పోయాయి. ఆ ఆరింటినీ అంగడికి తోలి, గుట్ట రోడ్డులోని బియ్యం మిల్లులో హమాలీగా చేరాడు. యాదగిరిగుట్టకు దేవుణ్ని చూడ్డానికి పోయే కార్లు ఆ రోడ్డు మీద సర్రున పోతుంటాయి. గోనెపట్టా తల మీద కప్పుకుని లారీ కింద నిలబడ్డ మనిషిని ఎవరూ చూడరు.

హమాలీ పనిలో కండ ఒక్కటే చాలదు. లారీ పైనున్నవాడు బస్తా వదిలే క్షణానికి కిందివాడు మెడ వంచాలి. బస్తా మెడకూ వీపుకూ నడుమ, పడాల్సిన చోటే పడాలి. అర అంగుళం అటూ ఇటూ అయితే నడుము పోతుంది. అందుకని బస్తాలో ఏముందని ఎవరూ అడగరు. పైనుంచి వస్తుందంటే మెడ దానంతటదే వంగుతుంది. ముప్పై ఏళ్లలో ఐలేశం మెడ ఒక్కసారీ తప్పు వంగలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది మొదటిసారి ఎమ్మెల్యేకు నిలబడ్డాడు. మనవాడొకడు నిలబడాలని హమాలీ సంఘంలో అనుకున్నారు. అనుకున్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఇతను బీడీ ఆర్పి, "నేను నిలవడ్త తీయుండ్రి" అన్నాడు. కత్తెర గుర్తు వచ్చింది. మైకు, పాత సామాన్లు కొనే ఆటోది. స్విచ్చి వేస్తే ముందుగా "పాతిన్ప సామాన్లకు ఉల్లిగడ్డలూ" అని ఆటోవాడి గొంతు మోగి, ఆ తర్వాతే ఐలేశం గొంతు వచ్చేది. ఆడవాళ్లు పగిలిన బకెట్లు పట్టుకుని వాకిట్లోకి వచ్చేవారు. దండం పెట్టి నిలబడ్డ మనిషిని చూసి తిట్టుకుంటూ లోపలికి పోయేవారు. ఒక ముసలమ్మ మాత్రం తుప్పుపట్టిన తవ్వ చేతిలో పట్టుకుని కదల్లేదు.

"ఉల్లిగడ్డలు లేవా బిడ్డా?"

"లేవవ్వా. ఓటు అడుగవొచ్చిన."

"ఓటేస్తె ఎన్ని ఉల్లిగడ్డలిస్తవ్?"

సొంత బూతులో ముప్పై ఎనిమిది ఓట్లు వచ్చాయి. రెండోసారి మంచం గుర్తు వచ్చింది. "మంచపాయన వచ్చిండు, దుప్పటి తెండ్రి" అని ఊరూరా నవ్వారు. కత్తెర ఈసారి ఇంకెవరికో పోయిందని తెలియక కొందరు మళ్లీ కత్తెరకే గుద్దారు. అయినా సొంత బూతులో డెబ్బయి ఒకటి వచ్చాయి. నియోజకవర్గమంతా కలిపితే లెక్కలోకి రానివే. కాని ఐలేశం ఆ డెబ్బయి ఒకటినే పట్టుకున్నాడు. ముప్పై ఎనిమిది డెబ్బయి ఒకటి అయిందంటే మనిషి నడుస్తున్నాడన్నమాటే కదా.

మూడోసారికి ముందు సైదులుకు దెబ్బ తగిలింది. సైదులు ఊళ్లో అందరికన్నా బలమైన హమాలీ. ఒకనాడు మిల్లు గోదాములో వరసగా పేర్చిన నిట్టు కూలి ఇరవై బస్తాలు మీద పడ్డాయి. హైదరాబాద్ దవాఖానలో నాలుగు నెలలున్నాడు. నడుము కింది భాగం సగం పనిచేస్తుంది, సగం చేయదు; చంక కర్రల మీద నాలుగడుగులు వేస్తే గొప్ప. వాడు మా మనిషే కాదన్నాడు మిల్లు యజమాని. నిజమే, హమాలీ పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. హమాలీలందరికీ గుర్తింపు కార్డులు ఇప్పించండి, సైదులుకు ఏదో ఒక దారి చూపించండి అని ఐలేశం పదకొండుసార్లు పెద్ద పార్టీ నాయకుడి ఆఫీసుకు తిరిగాడు. నాయకుడు దొరకలేదు. ఆయన దగ్గర పనిచేసే పీఏ దొరికాడు.

"నువ్వు రెండుసార్లు నిలవడ్డోనివి గదా. మీ ఊర్ల నీకెన్నొచ్చినయి?"

"డెబ్బయొకటి."

"మీ బూతుల ఏడు వందలున్నయి. డెబ్బయొకటోనితోని సార్ ఏం మాట్లాడుతడే? ఒక్క బూతు గెలిచి రా. కుర్సీ ఏసి కూసోబెడ్త."

పీఏ అది వెటకారంగా అన్నాడు. ఐలేశం దాన్ని ఒప్పందంగా తీసుకున్నాడు. ఊరికి వచ్చి సైదులు మంచం పక్కన కూర్చుని, "ఒక్క బూతు తమ్మీ. ఎమ్మెల్యే గిమ్మెల్యే మనకొద్దు. మన బూతు ఒక్కటి మనదైతే సాలు. నీ కార్డు నేను దెస్త" అన్నాడు.

"అయితదా అన్నా?"

"మా కురుమోళ్లయే రెండు వందల నలభై ఉన్నయి. కులం ఒక్కటైతె ఎందుకు గాదు?"

ఈసారి గుర్తుల జాబితాలో చేతికర్ర కనిపించగానే అదే కావాలని పట్టుబట్టి తీసుకున్నాడు. కర్ర లేని కురుమ ఉండడు. కులపెద్ద గుర్వయ్య దగ్గరికి పోయి కరపత్రం చేతిలో పెట్టాడు. డెబ్బయి ఏళ్ల గుర్వయ్య దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "కర్ర మనదే గదరా ఐలిగా" అన్నాడు. ఓటు వేస్తామని అనలేదు. వేయమనీ అనలేదు. ఐలేశం మాత్రం ఆ ఒక్క మాటను నెల రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు.

పోలింగు గురువారం. అంతకుముందు ఆదివారం కులదేవుడు బీరప్ప గుడి ముందు కొత్త రేకుల షెడ్డు కింద పూజ పెట్టారు. కురుమ ఇళ్లన్నీ కదిలి వచ్చాయి. ఐలేశం కూతురు స్నేహలత ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. ఆమెను ఇంట్లో ఉంచి గుర్వమ్మ ముందే గుడికి పోయింది. ఐలేశం మిల్లు నుంచి నేరుగా రావాలి. వరి కోతల కాలం. ఎన్నికలైనా ఏదైనా లారీలు ఆగవు. చివరి లారీ నింపి, ఒంటికి పట్టిన ఊక దులుపుకుంటూ గుడి చేరేసరికి పూజ అయిపోయింది. డోలు మోగుతోంది. గుర్వయ్య ఇత్తడి తలెలో బండారి పట్టుకుని వరసలో నిలబడ్డ మగవాళ్ల నొసళ్లకు పెడుతున్నాడు.

బండారి అంటే బీరప్ప ముందు పెట్టిన పసుపు. అది ఎదురుగా వస్తే కురుమ పుట్టుక పుట్టినవాడు ఎందుకని అడగడు. తల మీది గుడ్డ తీసి మెడ వంచుతాడు. ఐలేశం వరస చివర నిలబడి గోనెపట్టా తీసి చంకలో పెట్టుకున్నాడు. గుర్వయ్య అతని ముందుకొచ్చి ఒక్క క్షణం ఆగాడు. చెయ్యి గాల్లో ఉంది.

"పెట్టమంటవారా?"

ఈ మాట ఎందుకు అడుగుతున్నాడో ఐలేశానికి అప్పుడు తట్టలేదు. ఆలస్యంగా వచ్చినందుకు దెప్పుతున్నాడనుకున్నాడు.

"పెట్టు పెద్దబాపూ. బీరప్ప బండారి వద్దంటనా?"

మెడ వంచాడు. చల్లని పసుపు నొసటికి అంటింది.

ఇంటికి వస్తే గుర్వమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆమె నొసట కూడా బండారి ఉంది. మొగుడి ముఖం చూసి చేతిలోని గంటె కింద పెట్టింది.

"నువ్వు గూడ పెట్టిచ్చుకున్నవా?"

"పెట్టుకుంటె ఏమాయె?"

"నువ్వొచ్చేటాల్లకు మాట అయిపోయింది. షెడ్డు ఏసిచ్చిన పెద్ద పార్టీ సారుకే కులమంత గుద్దాలని గుర్వయ్య మామ అందరితోని అనిపిచ్చిండు. గా మాటెంకనే బండారి తీసిండు. పెట్టుకున్నోళ్లందరు మాటిచ్చినట్టే."

ఐలేశం గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నీకు ఎరికుండి పెట్టిచ్చుకున్నవా?"

"ఎరికె."

"నేను నిలవడ్డనని యాదికి రాలే?"

"వచ్చింది. బిడ్డ కడుపుతోని ఇంట్ల ఉన్నదని గూడ యాదికొచ్చింది. ఆడోళ్ల వరసల నేనొక్కదాన్నె వద్దని పక్కకు జరిగితె బీరప్ప ఊకుంటడా? నువ్వు జరిగెటోనివా?"

లోపలి గదిలోంచి స్నేహలత, "బాపూ, కడుక్కుంటె పోతది. పసుపే గదా" అంది. తల్లి ఆమె వైపు చూసిన చూపుకు తలుపు చాటుకు జరిగింది.

ఐలేశం కడుక్కోలేదు. లేచి గుర్వయ్య ఇంటికి పోయాడు. గుర్వయ్య అరుగు మీద గొంగడి పరుచుకుని కూర్చుని ఉన్నాడు.

"పెద్దబాపూ, నాకు ఎరుక లేకుంట పెట్టినవ్. వాపస్ తీస్కో."

"అడిగిన గదరా. పెట్టమంటవా అన్న. పెట్టు అన్నవ్."

"దేనికని జెప్పలే."

"నువ్వు అడగలే."

"నిలవడ్డోణ్ని నేనే. నా మీద నాతోనే ప్రమాణం జేపిస్తవా? నలుగురు ఇంటె నవ్వరా?"

"నీ మీద ఏందిరా? షెడ్డు గావాలెనని కులమంత ఎండల నిలవడి అడిగితె ఎవలొచ్చిండ్రు? నువ్వేసిస్తవా? నీ కర్రతోని గుడిసె గూడ నిలవడదు." గుర్వయ్య గొంతులో కోపం లేదు. "అయినా బండారి తిరిగియ్యాలంటె పద్ధతున్నది. కులమంత కూడాలె. గొర్రెపిల్లను గొయ్యాలె. అందరి ముందట నొసలు కడుగాలె."

"అయితె రేపు కూడబెట్టు."

"పోలింగ్ కానియ్యి. అయినంక కూడుదం."

ఐలేశం వెనక్కి తిరిగి ఇంటికి వచ్చాడు. మైకులు ఆగే మంగళవారం సాయంత్రం దాకా ప్రచారానికి పోయాడు. పాత సామాన్ల ఆటో ఎక్కి, కర్ర గుర్తు, కర్ర గుర్తు అని అరిచాడు. కురుమ వాడలోకి మాత్రం ఆటో తిప్పలేదు. హమాలీలు ఎందుకని అడిగితే, "వాళ్లు మనోళ్లే గదా, అడిగేదేమున్నది" అన్నాడు.

గురువారం పొద్దున సైదులును ఇద్దరు హమాలీలు కుర్చీతో సహా ఎత్తుకుని పోలింగు జరిగే బడిలోకి తెచ్చారు. లైనులో ఉన్నవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఓటు వేసి బయటికి వస్తూ సైదులు సిరా అంటిన వేలు పైకెత్తి ఐలేశానికి చూపించాడు. నవ్వాడు. దెబ్బ తగిలినప్పటి నుంచి అతను నవ్వగా ఐలేశం చూడటం అదే.

తన వంతు వచ్చి ఐలేశం అట్ట చాటుకు పోయాడు. మెషిను మీద పదకొండో వరసలో తన ముఖమే తన వైపు చూస్తోంది. పక్కన కర్ర. ఆ ఫొటో కోసం గుట్టలో ఫొటో స్టూడియోవాడి దగ్గర చొక్కా అడిగి వేసుకున్నాడు. చొక్కా కొంచెం బిగుతు. వేలు ఆ వరస మీదికి పోయింది. పోయి అక్కడే ఆగింది.

ఒక్క ఓటుతో బూతు రాదని అతనికి అప్పటికే తెలుసు. బయట లైనులో నిలబడ్డ కురుమ ముఖాలు తనను చూసి నేల చూపులు చూసినప్పుడే తెలిసింది. పోయేది ఎలాగూ పోయింది. ఉన్నది ఇంట్లో కడుపు పట్టుకుని నడుస్తున్న స్నేహలత. పసుపే కదా అనుకున్నాడు. దేవుడు ఓట్ల పెట్టెలోకి తొంగి చూస్తాడా అనుకున్నాడు. లోపల ఎన్ని అనుకున్నా మెడ వంగే ఉంది. వేలు పైకి, పెద్ద సారు వరసకు జరిగింది. మెషిను కీచుమంది. పక్క డబ్బా అద్దంలో ఆ చీటీ ఏడు సెకన్లు కనబడి కింద పడిపోయింది. ఆ ఏడు సెకన్లూ అతను దాన్నే చూశాడు.

ఆదివారం ఓట్లు లెక్కపెట్టారు. తన బూతు మెషిను తెరిచినప్పుడు ఐలేశం జాలీ అవతల నిలబడి ఉన్నాడు. తొమ్మిది అని చదివారు. పక్కనున్న ఎవరి ఏజెంటో, "తొమ్మిదేనా? ఇంట్లోళ్లు గూడ ఎయ్యలేదా కాకా?" అన్నాడు. ఐలేశం బయటికి వచ్చి, బస్సెక్కి ఇంటికి వచ్చాడు. ఆ పూట అన్నం దగ్గరే గుర్వమ్మ ఆ ప్రశ్న అడిగింది. గోడ అవతల లీలమ్మ విన్నది.

మర్నాడు మధ్యాహ్నం, ఊరంతా ఆ మాటే నడుస్తుండగా ఐలేశం పనికి పోయాడు. మిల్లు ఆవరణలో హమాలీలు అన్నాలు తిని లారీ మీద కప్పే తాటిపత్రి పరుచుకుని కూర్చున్నారు. సైదులు కూడా ఉన్నాడు. ఆటోలో వచ్చాడట. రెండు చంక కర్రలు పక్కన పెట్టుకుని, బస్తాల నిట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఐలేశం గోనెపట్టా తీసుకోబోతే ఎవరో, "జర కూసో అన్నా" అన్నారు. కూర్చున్నాడు.

"లీలక్క అన్నది నిజమేనా?" నరసింహ అడిగాడు. పాత సామాన్ల ఆటో మాట్లాడి తెచ్చింది అతనే.

"నిజమే."

"పైసలు దీస్కున్నవా?"

"బీడీ గూడ దీస్కోలే."

"మరేంది? మా తొమ్మిది మందిల ఒక్కడన్న పక్కకు పోయుంటె, వచ్చిన తొమ్మిదిట్ల ఒక్కటి నీదే అనుకునేటోళ్లం. మేమందరం ఏసినం గన్కనే దొరికినవ్."

ఐలేశం నొసలు తడుముకున్నాడు. అక్కడ ఇప్పుడేమీ లేదు. రోజువారీ చెమటకే పోయింది. పూజనాడు లారీ ఆలస్యం కావడం, డోలు, తలె, గుర్వయ్య అడిగిన మాట, తను అన్న మాట, అన్నీ చెప్పాడు. దాచలేదు. స్నేహలత కడుపు సంగతి కూడా చెప్పాడు. హమాలీల్లో ఒకరిద్దరు తల ఊపారు. బండారి తమది కాకపోయినా, తమకూ ఉన్నాయి అలాంటివి. నరసింహ ఆకు నమిలి పక్కకు ఉమ్మాడు.

సైదులు చంక కర్ర రబ్బరు తొడుగును బొటనవేలితో గీకుతున్నాడు. ఐలేశం అతని వైపే తిరిగాడు.

"నువ్వన్న అర్థం జేస్కో తమ్మీ. నేనేసుకుంటె ఏమైతుండె? తొమ్మిది పదైతుండె. గంతే గదా. గా ఒక్కదానితోని బూతు గెలుస్తుంటిమా?"

సైదులు తలెత్తాడు.

"గెలుస్తవని మేమెవ్వలం ఎయ్యలేదన్నా."